డివైడర్ పక్క లేన్ ఎవరిది?

రెండు మూడు లేన్ల హైవే మీద గొడవలు చాలావరకు ఒకే చోట మొదలవుతాయి. డివైడర్ పక్క లేన్‌లో ఒక కారు నిమ్మళంగా పోతూ ఉంటుంది. వెనక ఇంకో కారు వచ్చి దాదాపు అంటుకుంటుంది. లైట్లు కొడుతుంది, హారన్ కొడుతుంది. ముందు కారు కదలదు. చివరికి వెనకవాళ్లు విసిగిపోయి, పక్క లేన్‌లోంచి దూరి, ముందుకొచ్చి అడ్డంగా తిప్పి వెళ్లిపోతారు. ఇద్దరికీ బీపీ పెరుగుతుంది. ఎవరికి వాళ్లు తమదే న్యాయం అనుకుంటారు.

ముందున్నవాళ్ల మాట ఇది: "నేను స్పీడ్ లిమిట్‌లోనే వెళ్తున్నాను. ఇంతకన్నా వేగంగా వెళ్లడమే తప్పు. నేనెందుకు జరగాలి?" వెనకున్నవాళ్ల మాట ఇది: "ఇది ఫాస్ట్ లేన్. మెల్లగా వెళ్లేవాళ్లకి ఇక్కడేం పని?"

ఈ రెండు మాటల్లోనూ ఉన్న పొరపాటు ఒకటే. ఆ లేన్‌ని ఏదో ఒక వేగానికి రాసిచ్చేశారని ఇద్దరూ అనుకుంటున్నారు. ఆ లేన్ ఉన్నది ఒక పని కోసం. ముందున్న బండిని దాటడం ఆ పని. దాటేశాక అందులో ఎవరికీ చోటు లేదు. 80లో వెళ్లేవాళ్లకీ లేదు, 140లో వెళ్లేవాళ్లకీ లేదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతా నియమాలూ మర్యాదలూ వాటంతటవే అర్థమవుతాయి. అర్థం కాకపోతే మాత్రం ఎన్ని నియమాలు బట్టీ పట్టినా రోడ్డు మీద తగువు తప్పదు.

ముందుగా కుడి ఎడమల సంగతి. బండ్లు ఎడమవైపు నడిచే దేశాల్లో ఓవర్‌టేకింగ్ లేన్ కుడి చివర ఉంటుంది. కుడివైపు నడిచే దేశాల్లో ఎడమ చివర ఉంటుంది. ఒక దేశంలో డ్రైవింగ్ నేర్చుకుని ఇంకో దేశంలో నడిపేవాళ్లు ఇక్కడే తికమకపడతారు. అందుకే ఈ వ్యాసంలో కుడి ఎడమలు వీలైనంత వరకు పక్కన పెట్టి, "డివైడర్ పక్క లేన్", "అంచు లేన్" అనే పేర్లు వాడుతున్నాను. ఏ దేశానికి వెళ్లినా అంచు లేన్ మామూలుగా ప్రయాణించడానికి, డివైడర్ పక్క లేన్ దాటడానికి.

చట్టాలు ఏమంటున్నాయి?

1968లో వియన్నాలో కుదిరిన రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం చాలా దేశాల చట్టాలకు మూలం. దాని ప్రకారం బండి రోడ్డు అంచు వైపు ఉండాలి, దాటేటప్పుడు రెండో వైపు నుంచి దాటాలి. తనను ఇంకొకరు దాటుతున్నప్పుడు డ్రైవర్ అంచుకు జరగాలి, వేగం పెంచకూడదు. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. ఎవరో పక్కకి రాగానే యాక్సిలరేటర్ మీద కాలు బరువెక్కడం మనిషి స్వభావం. అది మర్యాద తక్కువతనమే కాదు, చాలా దేశాల్లో చట్టం ప్రకారం తప్పు కూడా. భారతదేశంలో 1989 నాటి రోడ్డు నియమాల స్థానంలో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్స్, 2017లోనూ మూలసూత్రం ఇదే. దాటడం కుడివైపు నుంచి, మనల్ని దాటేవాళ్లకి అడ్డుపడకుండా ఉండడం మన బాధ్యత.

బ్రిటన్ హైవే కోడ్‌లో 264వ నియమం సూటిగా ఉంటుంది. ముందు దారి ఖాళీగా ఉంటే ఎప్పుడూ ఎడమ లేన్‌లోనే ఉండాలి, దాటడం అయ్యాక మళ్లీ అందులోకే రావాలి. అక్కడ మూడు లేన్ల మోటర్‌వేల మీద మధ్య లేన్‌లో తిష్ట వేసే అలవాటు ఎంత పెరిగిందంటే, 2013 ఆగస్టు నుంచి దానికి అక్కడికక్కడే జరిమానా రాసే అధికారం పోలీసులకు ఇచ్చారు. ముందు బండికి మరీ దగ్గరగా అంటుకుని నడపడాన్ని కూడా అదే మార్పులో చేర్చారు. ఒకే సమస్యకు ఈ రెండూ రెండు కొసలని అక్కడివాళ్లు గుర్తించినట్టు నాకనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలో లిమిట్ గంటకు 80 కిలోమీటర్లు దాటిన రోడ్ల మీద ఊరికే కుడి లేన్‌లో నడపకూడదు. జపాన్ ఎక్స్‌ప్రెస్‌వేల మీద కుడి చివరి లేన్ దాటడానికే. అవసరం లేకుండా అందులోనే సాగిపోతే అది లేన్ ఉల్లంఘన కింద లెక్క. అమెరికాలో రాష్ట్రానికో తీరు. కొన్ని రాష్ట్రాలు ఎడమ లేన్‌ని దాటడానికి మాత్రమే ఉంచాయి. కొన్ని, మిగతా ట్రాఫిక్ కన్నా మెల్లగా వెళ్లేవాళ్లు కుడికి ఉంటే చాలంటాయి. పైగా రెండు మూడు లేన్ల రోడ్ల మీద కుడివైపు నుంచి దాటడం కూడా అక్కడ మామూలుగా చట్టబద్ధమే. ఇదే పని జర్మనీలో ఆటోబాన్ అనే హైవేల మీద చేస్తే జరిమానా పడే తప్పు.

ఆటోబాన్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. వేగానికి పరిమితి లేని రోడ్డుగానే అది అందరికీ తెలుసు. చాలా భాగాల్లో నిజంగానే పరిమితి లేదు, 130 అనే సలహా వేగం మాత్రం ఉంది. ఆ వేగాలను అక్కడి రోడ్డు తట్టుకోవడానికి ఒక పెద్ద కారణం లేన్ క్రమశిక్షణ. 100లో వెళ్తున్న కారు లేన్ మారబోతూ అద్దంలో చూస్తే, 200 మీటర్ల వెనక ఒక చుక్కలా ఇంకో కారు కనబడిందనుకుందాం. ఆ కారు 200లో వస్తుంటే ఇక్కడికి చేరడానికి పట్టేది 7 సెకన్లు. అద్దంలో ఒకసారి చూసి, ఇండికేటర్ వేసి, మళ్లీ చూసేలోగా అది వెనకే ఉంటుంది. ఇలాంటి రోడ్డు మీద ఎవరు ఎటు నుంచి దాటతారన్నది ముందే ఖరారై ఉండకపోతే నడపడం అసాధ్యం. జర్మన్ చట్టం ఇంకో షరతు కూడా పెట్టింది. దాటే బండి వేగం, దాటబడే బండి వేగం కన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ ఉండాలి. ఈ షరతు ఎంత విలువైనదో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

ఒక్క లారీని దాటడానికి ఎంత రోడ్డు కావాలి?

మీరు 100లో వెళ్తున్నారు, ముందు 80లో 16 మీటర్ల లారీ ఉంది. లారీకి రెండు సెకన్ల దూరంలో, అంటే సుమారు 55 మీటర్ల వెనక ఉండగానే పక్క లేన్‌లోకి మారారు. లారీ పొడవు 16 మీటర్లు. దాటాక వెంటనే దాని ముందుకు తిప్పకూడదు, లారీ డ్రైవర్‌కి కూడా రెండు సెకన్ల ఖాళీ మిగలాలి. 80లో అది 44 మీటర్లు. మీ కారు పొడవు ఓ 5 మీటర్లు. మొత్తం 120 మీటర్లు మీరు లారీ కన్నా అదనంగా ముందుకు రావాలి. రెండు బండ్ల వేగాల తేడా గంటకు 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. సుమారు 22 సెకన్లు పడుతుంది. ఈ 22 సెకన్లలో మీ కారు 600 మీటర్ల రోడ్డు తినేస్తుంది.

ఇప్పుడు మీ వేగం 90 అనుకోండి. తేడా సగమైంది. సమయం 41 సెకన్లకు పెరిగింది, కావలసిన రోడ్డు కిలోమీటరు దాటింది. అంటే 10 కిలోమీటర్ల వేగం తగ్గించి జాగ్రత్తగా దాటుతున్నాననుకునేవాళ్లు నిజానికి లారీ పక్కన, దాని డ్రైవర్‌కి కనబడని చోట, రెట్టింపు సేపు గడుపుతున్నారు. క్రూజ్ కంట్రోల్, అంటే కారే ఒక వేగాన్ని నిలిపి ఉంచే ఏర్పాటు, వేసుకున్నవాళ్లు తరచూ చేసే పని ఇదే. ముందు కారు 98, మనం 100. క్రూజ్ కదపడం ఇష్టం లేక అలాగే పక్కకి వస్తారు. పక్కపక్కనే రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు సాగుతారు. వెనక వరస కడుతుంది. దాటాలనుకున్నప్పుడు లిమిట్ లోపలే కాస్త వేగం పెంచి, పని ముగించి, మళ్లీ పాత వేగానికి రావాలి. లిమిట్ అందుకు ఒప్పుకోకపోతే దాటడం మానుకుని ఆ కారు వెనకే ఉండిపోవడం మేలు. 98లో వెళ్లడం వల్ల పోయేదేమీ లేదు.

లారీని లారీ దాటేటప్పుడు ఈ లెక్క ఇంకా దారుణంగా ఉంటుంది. ఐరోపాలో బరువు లారీలకు 90 దగ్గర వేగాన్ని ఆపేసే పరికరం ఉండాలి. లోడును బట్టి, టైర్ల అరుగుదలను బట్టి ఒకటి 90లో పోతే ఇంకోటి 88లో పోతుంది. ముందూ వెనకా 30 మీటర్ల ఖాళీ మాత్రమే ఉంచుకున్నా, 90 లారీ 88 లారీని దాటడానికి రెండుముప్పావు నిమిషాలు, 4 కిలోమీటర్లు కావాలి. అంతసేపూ రెండు లేన్లూ బంద్. జర్మన్లు దీన్ని ఏనుగుల పరుగుపందెం అంటారు. ఇలాంటి కేసు ఒకటి 2008లో హామ్ నగరంలోని హైకోర్టుకు వెళ్లింది. రెండు లేన్ల ఆటోబాన్ మీద దాటడం స్థూలంగా 45 సెకన్లలో పూర్తి కావాలని, అందుకు గంటకు 10 కిలోమీటర్ల తేడా అయినా ఉండాలని ఆ కోర్టు చెప్పింది. లారీ డ్రైవర్ వైపు నుంచి చూస్తే బాధ అర్థమవుతుంది. గంటకు 2 కిలోమీటర్లంటే పది గంటల డ్యూటీలో 20 కిలోమీటర్లు. కానీ దాటబడుతున్న లారీ డ్రైవర్ కాసేపు కాలు తీసి, 84కో 85కో దిగితే అదే పని నిమిషం అటూఇటూగా అయిపోతుంది. అనుభవం ఉన్న లారీ డ్రైవర్లు ఇది ఒకరికొకరు అడక్కుండానే చేసుకుంటారు. వేగంగా పోయే కార్లవాళ్లు కూడా నేర్చుకోవలసిన మర్యాద అది.

ఇలా లారీల వెనక చిక్కుకున్న కారు ఎంత నష్టపోతుందో కూడా చూద్దాం. 110లో వెళ్లాల్సిన కారు 4 కిలోమీటర్లు 90లో వెళ్లింది. పోయింది అర నిమిషం. ముప్పై సెకన్ల కోసం లారీ బంపర్‌కి అంటుకుని హారన్ మోగించడం ఎందుకో కాస్త ఆలోచించాలి.

"నేను లిమిట్‌లోనే ఉన్నాను కదా"

ఈ వాదనకి సూటిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది చెడ్డవాళ్ల వాదన కాదు. బాధ్యతగా నడుపుతున్నామనుకునేవాళ్లే ఎక్కువగా ఈ మాట అంటారు.

మొదటి సంగతి, మీటర్ చూపించేది మీ అసలు వేగం కాకపోవచ్చు. స్పీడోమీటర్లపై ఐక్యరాజ్యసమితి 39వ నిబంధనను చాలా దేశాలు పాటిస్తాయి. దాని ప్రకారం మీటర్ అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు, ఎక్కువ మాత్రం చూపొచ్చు. కార్లకు ఆ ఎక్కువ, అసలు వేగంలో పదో వంతు, దానికి తోడు 4 కిలోమీటర్ల వరకూ ఉండొచ్చు. తయారీదారులు చిక్కుల్లో పడకుండా మీటర్‌ని కొంచెం పైకే పెడతారు. కాబట్టి మీటర్ మీద కచ్చితంగా 100 ఉన్నప్పుడు మీరు నిజంగా 95లో వెళ్తూ ఉండొచ్చు. వెనక వచ్చే కారు చట్టాన్ని ఏమాత్రం దాటకుండానే మీకన్నా వేగంగా రావచ్చు.

రెండో సంగతి, వెనకున్నవాళ్లు నిజంగా లిమిట్ దాటినా సరే, వాళ్ల తప్పు వాళ్లది. మీరు లేన్ వదలకపోవడం మీది. ఒకదానికి ఇంకోటి విరుగుడు కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 2014లో తెచ్చిన చట్టం ఈ విషయం తేల్చేసింది. ఎడమ చివరి లేన్‌లో ఉన్నవాళ్లు, వెనక నుంచి ఇంకా వేగంగా బండి వస్తోందని తెలిసినా, తెలియాల్సి ఉన్నా, జరగాలి. నేను లిమిట్‌లోనే ఉన్నానన్న మినహాయింపు అందులో లేదు. వేగాన్ని పట్టుకోవడం పోలీసుల పని, కెమెరాల పని. మన వెనక అద్దంలో ఒక అంబులెన్స్ డ్రైవర్ ఉన్నాడో, బండిలో నొప్పులు పడుతున్న గర్భిణి ఉందో, ఊరికే తొందరపడే కుర్రాడు ఉన్నాడో మనకి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యమైనది. మీరు జరగకపోతే వెనకవాళ్లు మెల్లబడతారని అనుకుంటే అది జరగదు. వాళ్లు పక్క నుంచి వెళ్తారు. వేగం తగ్గించబోయి, అదే వేగాన్ని ఎవరూ ఎదురుచూడని వైపుకి మళ్లించినట్టవుతుంది.

ఎదురుచూడని వైపు అని ఎందుకంటున్నానో చెప్తాను. దాటడానికి ఒక వైపు ఖరారై ఉన్న రోడ్డు మీద, అంచు లేన్‌లో ఉన్న డ్రైవర్ వేగంగా వచ్చేవాళ్ల కోసం ఒక వైపే చూస్తే చాలు. డివైడర్ పక్క లేన్ నుంచి తిరిగి వచ్చే డ్రైవర్‌కి అంచు వైపు తనకన్నా మెల్లగా ఉన్నవే ఉంటాయన్న భరోసా ఉంటుంది. రెండు వైపుల నుంచీ దాటడం మొదలైతే ఆ భరోసా పోతుంది. పైగా అంచు వైపు డ్రైవర్‌కి దూరంగా ఉన్న వైపు. డ్రైవర్ సీటు మామూలుగా డివైడర్ వైపు ఉంటుంది కాబట్టి, అవతలి వైపు అద్దం దూరం, కిటికీ దూరం, మధ్యలో పక్క సీటు, కారు పైకప్పుని మోసే స్తంభాలు. లారీలకైతే ఆ వైపు కనబడని చోటు ఇంకా పెద్దది. ఒక లేన్ దాకా, అంతకు మించి కూడా పరుచుకుని ఉంటుంది. అక్కడ ఒక కారు పూర్తిగా మాయమైపోగలదు. లారీ పక్క అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడకపోతే, మీరు ఆయనకి కనబడడం లేదనే లెక్క.

వెనకవాళ్లకి చెప్పాల్సినవి

ముందు బండి జరగాల్సి ఉన్నా సరే, వెనకవాళ్లకి దాన్ని తోసుకుపోయే హక్కు రాదు. 110లో బండి సెకనుకు 30 మీటర్లు పోతుంది. ముందు కారుకి 10 మీటర్ల దగ్గరగా వచ్చారంటే మీ చేతిలో ఉన్నది సెకనులో మూడో వంతు. ముందు బ్రేక్ లైటు వెలగడం చూసి కాలు బ్రేక్ మీదకి చేరడానికే ఎంత చురుకైనవాళ్లకైనా ఓ సెకను పడుతుంది. ఎంత గొప్ప డ్రైవర్ అయినా ఈ లెక్కను ఓడించలేడు. పొడి రోడ్డు మీద రెండు సెకన్లు, వానలో కనీసం నాలుగు. ముందు కారు ఒక స్తంభాన్నో బోర్డునో దాటగానే మనసులో లెక్కపెట్టుకుంటే తెలిసిపోతుంది.

అంటుకుని నడపడం వల్ల ఇంకో నష్టం ఉంది. ముందున్నవాళ్లు జరగాలనుకున్నా జరగలేరు. ఎవరైనా వెనకే ముక్కు ఆనించి ఉంటే కంగారు పుడుతుంది, పక్క అద్దంలో చూడడానికి కూడా ధైర్యం చాలదు. కొత్తగా నడుపుతున్నవాళ్లు ఆ టెన్షన్‌లో చూసుకోకుండా పక్కకి తిప్పేస్తారు. దూరంగా ఉండి ఓపిక పడితే చాలామంది తమంతట తామే జరుగుతారు.

లైట్లు కొట్టడం మీద దేశదేశానికీ తేడా ఉంది. జర్మనీలో ఊరి బయట, దాటబోతున్నానని చెప్పడానికి ఒకసారి లైటు కొట్టడం చట్టబద్ధమే. అదే బంపర్‌కి ఆనుకుని పదేపదే కొడితే బలవంతం కింద క్రిమినల్ కేసు కావచ్చు. బ్రిటన్ హైవే కోడ్ మాత్రం లైటు కొట్టడానికి ఒకే అర్థం ఇచ్చింది: నేనిక్కడ ఉన్నాను. "నువ్వు పో" అనీ కాదు, "నువ్వు తప్పుకో" అనీ కాదు. ఇది అన్ని చోట్లా పాటించదగ్గ అర్థం. సరైన దూరంలో ఉండి ఒకసారి, అంతే. దానికీ కదలకపోతే వాళ్లు చూడలేదేమో, లేక పక్కన చోటు లేదేమో. పగపట్టారని అనుకోనక్కర్లేదు.

ముందున్నవాళ్లు చేసే ఘోరమైన పని ఒకటుంది. వెనక అంటుకున్నవాళ్లకి బుద్ధి చెప్పాలని బ్రేక్ కొట్టి చూపించడం. ఇది ఏ దేశంలోనూ ఎవరూ సమర్థించరు. వెనక ఉన్నది ఒక్క కారే అనుకుంటాం, దాని వెనక ఇంకో పది ఉంటాయి.

ఆ పది కార్లకి ఏమవుతుందో జపాన్‌లో ఒక ప్రయోగం చూపించింది. యూకీ సుగియామా బృందం 2008లో ప్రచురించిన ఆ ప్రయోగంలో 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను నడిపించారు. అందరూ గంటకు 30 కిలోమీటర్ల దగ్గర ఒకే వేగంతో వెళ్లాలన్నారు. అడ్డం లేదు, సిగ్నల్ లేదు, లేన్ మార్చేవాళ్లు లేరు. కాసేపటికే ఎవరో కాస్త మెల్లబడ్డారు, వెనకవాళ్లు ఇంకాస్త ఎక్కువ మెల్లబడ్డారు, ఆ తర్వాతివాళ్లు పూర్తిగా ఆగిపోయారు. ఆ ఆగిపోవడం అలలాగా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకుతూ పోయింది. దగ్గరగా అంటుకున్న వరసలో ఒక్క అనవసరపు బ్రేక్ చేసే పని ఇది. డివైడర్ పక్క లేన్ ఒక బండి వెనక మూసుకుపోయినప్పుడు ఏర్పడే వరస సరిగ్గా అలాంటిదే. కిలోమీటరు వెనక ట్రాఫిక్ ఆగిపోయినవాళ్లకి కారణం ఎప్పటికీ కనబడదు.

తిరిగి వచ్చేదెప్పుడు?

దాటిన బండి ముందు భాగం మొత్తం మీ మధ్య అద్దంలో కనబడాలి. పక్క అద్దంలో కనబడితే చాలదు. కనబడ్డాక ఇండికేటర్ వేసి, భుజం మీదుగా ఒక చూపు చూసి, నెమ్మదిగా జరగాలి. జరిగిన వెంటనే కాలు తీసేయకూడదు. ఇప్పుడే మిమ్మల్ని ముందుకు పోనిచ్చిన లారీ మీద బ్రేక్ వేసే పని పెట్టడం అవుతుంది. బరువెక్కిన లారీ మళ్లీ వేగం అందుకోవడానికి ఎంత డీజిల్, ఎంత సమయం కావాలో కారు నడిపేవాళ్లకి ఊహకి అందదు.

ముందు ఇంకో లారీ ఉంటే? ప్రతి లారీకీ మధ్య దూరి బయటికి రావడం అవసరం లేదు. తర్వాతి బండిని దాటడం పది పదిహేను సెకన్లలో మొదలవుతుందంటే ఆ లేన్‌లోనే ఉండొచ్చు. అర నిమిషం పైన ఖాళీ ఉంటే, వెనక ఎవరైనా వస్తుంటే, జరిగి దారివ్వాలి. ఈ సెకన్లు చట్టంలో రాసినవి కావు, నా అంచనా. అసలు చూసుకోవలసింది, నా వల్ల వెనకవాళ్లు బ్రేక్ వేయాల్సి వస్తోందా అన్నది.

వరసలో ఉన్నప్పుడు ఇంకో మర్యాద. లారీ వెనక ఒక కారు, ఆ కారు వెనక మీరు. ముందు కారు దాటడానికి సిద్ధంగా ఉందేమో చూడకుండా మీరు ముందే బయటికి వచ్చేసి వేగం పెంచితే, ఆ కారు లారీ వెనకే బందీ అయిపోతుంది. లేదా సరిగ్గా మీరు పక్కకి వచ్చే క్షణంలోనే అదీ బయటికి వస్తుంది. ముందున్నవాళ్ల వంతు ముందు.

మూడు లేన్ల రోడ్డు మీద మధ్య లేన్ కథ కాస్త వేరు. లారీలు వరసగా ఉన్న చోట మధ్య లేన్‌లో సాగడం సహజమే. కానీ అంచు లేన్ ఖాళీగా ఉండగా మధ్యలో తిష్ట వేస్తే మూడు లేన్ల రోడ్డు రెండు లేన్లది అయిపోతుంది. అంచు లేన్‌లో పద్ధతిగా వస్తున్న కారు మిమ్మల్ని దాటాలంటే రెండు లేన్లు దాటి అవతలికి వెళ్లి, మళ్లీ రెండు లేన్లు వెనక్కి రావాలి. బ్రిటన్‌లో మూడు, అంతకు మించిన లేన్లున్న మోటర్‌వేల మీద బరువు లారీలు, ట్రెయిలర్ లాగుతున్న కార్లు మామూలుగా కుడి చివరి లేన్‌లోకి రాకూడదు. అక్కడ మధ్య లేన్ మూసేస్తే వాళ్లకి దాటే దారే ఉండదు.

నియమం సడలే సందర్భాలూ ఉన్నాయి. ర్యాంప్ మీంచి బండ్లు హైవేలోకి వస్తున్నప్పుడు వాటికి చోటివ్వడానికి డివైడర్ వైపు జరగడం మంచి పనే. అంచున పోలీసు బండో అంబులెన్సో ఆగి ఉంటే ఒక లేన్ వదిలి జరగాలని అమెరికాలో 50 రాష్ట్రాలూ చట్టం చేశాయి. డివైడర్ వైపే ఎగ్జిట్ ఉన్న చోట, అంచు లేన్ మరమ్మతులో ఉన్న చోట వేరే దారి లేదు. ట్రాఫిక్ బాగా చిక్కబడి అన్ని లేన్లూ మెల్లగా కదులుతున్నప్పుడు, అంచు లేన్ కాస్త ముందుకు సాగితే దాన్ని తప్పుడు దాటడం అనరు. బ్రిటన్ నియమం, జర్మన్ నియమం రెండూ దీనికి ఒప్పుకుంటాయి. అయితే ముందుకెళ్లడం కోసం అటూ ఇటూ దూరడానికి మాత్రం ఒప్పుకోవు.

ఒక్క లేన్ రోడ్డుకి అదనపు లేన్

ఇంతవరకు డివైడర్ ఉన్న రోడ్ల గురించి మాట్లాడుకున్నాం. అటొక లేన్, ఇటొక లేన్ ఉన్న రోడ్ల మీద దాటడమంటే ఎదురుగా వచ్చేవాళ్ల లేన్‌ని అరువు తీసుకోవడం. పైన చూసిన 600 మీటర్ల లెక్క ఇక్కడ భయంకరంగా మారుతుంది. మీరు 600 మీటర్లు పోయే 22 సెకన్లలో ఎదురుగా 100లో వచ్చే కారు ఇంకో 600 మీటర్లు వస్తుంది. అంటే కిలోమీటరుంబావు దూరం వరకూ రోడ్డు ఖాళీగా కనబడాలి. అంత దూరంలో ఉన్న కారు ఏ వేగంతో వస్తోందో మనిషి కన్ను అంచనా వేయలేదు.

స్వీడన్ దీనికి ఒక చక్కటి పరిష్కారం కనిపెట్టింది. 1998లో ఈ4 హైవే మీద, యేవ్లే పట్టణానికి ఉత్తరాన ఒక ముక్కలో, వెడల్పాటి రెండు లేన్ల రోడ్డుని మూడు లేన్లుగా గీసి మధ్యలో ఉక్కు తీగల కంచె వేశారు. మధ్య లేన్ కొంత దూరం ఇటువాళ్లది, కొంత దూరం అటువాళ్లది. ఒకటి రెండు కిలోమీటర్లు ఓపిక పడితే దాటే వంతు వస్తుంది, ఎదురు బండి ప్రశ్నే లేదు. కొత్తగా భూమి సేకరించకుండానే ఎదురెదురు ఢీలు దాదాపు లేకుండా పోయాయి, మరణాలు బాగా తగ్గాయి. ఆ తర్వాత దేశమంతటా ఈ పద్ధతి పాకింది.

ఘాట్ల మీద, చిన్న హైవేల మీద అక్కడక్కడా కనబడే అదనపు లేన్ కూడా ఈ జాతిదే. ఇక్కడ చాలామంది తెలియకుండా చేసే పని ఒకటుంది. ఇరుకు రోడ్డులో 70లో వెళ్తున్నవాళ్లు రోడ్డు వెడల్పు కాగానే హాయిగా 90కి వెళ్లిపోతారు. అరగంటగా వెనక వేచి ఉన్నవాళ్లు దాటాలంటే 110 కావాలి. లేన్ అయిపోగానే ముందువాళ్లు మళ్లీ 70కి దిగుతారు. అదనపు లేన్ మొదలైన చోట పాత వేగంలోనే అంచుకి ఉండిపోవడం వెనకున్న వరసకి చేయగల అతి పెద్ద మేలు. దాటేవాళ్లు కూడా లేన్ ముగుస్తుందన్న బోర్డు కనబడ్డాక కొత్తగా మొదలుపెట్టకూడదు.

ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు

హైవే మీద ముందెక్కడో ప్రమాదం జరిగి అంతా నిలిచిపోయినప్పుడు కూడా డివైడర్ పక్క లేన్‌కి ఒక పని ఉంటుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో ట్రాఫిక్ నడక వేగానికి దిగగానే డివైడర్ పక్క లేన్‌లోవాళ్లంతా డివైడర్ వైపుకి, మిగతా లేన్లవాళ్లంతా అంచు వైపుకి ఒరగాలి. మధ్యలో అంబులెన్స్ పట్టే దారి ఏర్పడుతుంది. సైరన్ వినబడేదాకా ఆగకూడదు. బండ్లు ఒకదానికొకటి ఆనుకుని ఆగిపోయాక స్టీరింగ్ తిప్పడానికి చోటుండదు, కాబట్టి ఇంకా కదులుతుండగానే ఒరగాలి, ముందు బండికి కొన్ని మీటర్ల ఖాళీ ఉంచి ఆగాలి. మొదటి అంబులెన్స్ వెళ్లగానే దారి మూసేయకూడదు. దాని వెనకే ఫైరింజన్, ఇంకో అంబులెన్స్, బండ్లు లాగే క్రేన్ వస్తాయి.